తుప్పు కన్నా ఉప్పుకాగితమే ప్రమాదం

(పాత జోడు గొట్టాల తుపాకులున్న లైసెన్స్‌దారులు, వాటి మీద ఆసక్తి ఉన్నవాళ్లు కర్నూలులో కలిసిన ఒక ఆదివారం చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు చెడకుండా రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. మొదటే మీ ఆశ మీద నీళ్లు చల్లుతాను. నేను తుపాకీ తేలేదు. గుమ్మంలోనే ముగ్గురు అడిగారు, "యాడ పెట్టినావు సారూ?" అని. ఇంట్లో బీరువాలో ఉంది. లైసెన్స్ ఉంది కదా అని పదిమంది కూడిన చోటికి తుపాకీ మోసుకొస్తే ఆ లైసెన్సే పోతుంది. కాబట్టి తెర మీద ఫొటోలు చూపిస్తాను. చేతిలో మాత్రం రెండు వస్తువులున్నాయి. ఒకటి ఈ స్క్రూడ్రైవర్, రెండోది ఈ ఉప్పుకాగితం ముక్క. రెండూ వరసల్లో తిప్పండి, వేలితో తాకి చూడండి. చివర్లో స్క్రూడ్రైవర్ నా చేతికి రావాలి. ఉప్పుకాగితం రాకపోయినా నాకేం బాధ లేదు.

నేను వర్క్‌షాపు మనిషిని. ముప్పై ఏళ్లు పిల్లలకు ఆకురాయి పట్టడం, లేతు తిప్పడం నేర్పాను. మా జేజినాయన తుపాకీ నా పేరు మీదికి రాకముందే దాన్ని పాడుచేశాను. పాడుచేశాక దాని గురించి తెలుసుకున్నాను. ఈ వరస అటుదిటు అయ్యుంటే బాగుండేది.

మాది పత్తికొండ వైపు పల్లె. వేరుశనగ చేలల్లో పందులు పడకుండా పంట రక్షణకని జేజినాయనకు లైసెన్స్ ఇచ్చారు. పన్నెండు బోరు, పక్కపక్కన రెండు గొట్టాలు, బయటికి కనిపించే రెండు హ్యామర్లు, అంటే తూటా పేలడానికి కొట్టే సుత్తులు. "లండన్ తుపాకిరా ఇది" అనేవాడు. మా ఇంట్లో డెబ్బై ఏళ్లు అది లండన్ తుపాకీగానే బతికింది. గొట్టాలు ఊడదీసి అడుగున చదునుగా ఉండే చోట భూతద్దం పెట్టి చూసిన రోజు, కోడిగుడ్డు ఆకారంలో ఒక ముద్ర, అందులో ఈ, ఎల్, జీ అనే మూడు అక్షరాలు కనిపించాయి. అది బెల్జియంలోని లియేజ్ ఊరి పరీక్షాశాల ముద్ర. లండన్ పేరు ఎక్కడా లేదు. మా చిన్నాయన ఇప్పటికీ ఒప్పుకోడు. "నీ భూతద్దం సరిగా లేదు" అంటాడు.

ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. లియేజ్ పనివాళ్లు ప్రపంచానికంతా తుపాకులు చేసి పంపారు. చవకవీ చేశారు, గొప్పవీ చేశారు. కొన్నింటి మీద పేరున్న ఇంగ్లీషు కంపెనీ పేరును పోలిన పేరు చెక్కి అమ్మారు. అందుకే గొట్టాల నడిమి పట్టీ మీద రాసిన పేరును నమ్మకండి, అడుగున కొట్టిన ముద్రను నమ్మండి. పేరు అమ్మేవాడు రాసింది. ముద్ర పరీక్ష పెట్టినవాడు కొట్టింది.

ఈ ముద్రల సంగతి కొంచెం నిదానంగా చెప్తాను, ప్రాణాలు దీని మీదే ఉన్నాయి. లండన్‌లో తుపాకుల పనివాళ్ల సంఘానికి 1637లో రాజు పట్టా ఇచ్చాడు. బర్మింగ్‌హామ్ పరీక్షాశాల 1813లో పార్లమెంటు చట్టంతో వచ్చింది. అక్కడ చేసే పని ఏమంటే, మామూలుగా వాడేదాని కన్నా ఎక్కువ మందు దట్టించి పేల్చడం. గొట్టం తట్టుకుంటే ముద్ర, తట్టుకోకపోతే తుక్కు. బ్రిటన్‌లో ఈ పరీక్ష దాటని తుపాకీ అమ్మడం నేరం. అయితే పాతవాటికి పరీక్ష నల్లమందుతో, అంటే పొగ వచ్చే పాతకాలపు తుపాకీ మందుతో జరిగింది. పొగరాని నైట్రో మందు వచ్చాక దానికి వేరే పరీక్ష, వేరే ముద్ర వచ్చాయి. 1904 నుంచి బర్మింగ్‌హామ్‌లో కిరీటం కింద ఎన్‌పీ అని కొట్టేవాళ్లు, 1954 తర్వాత బీఎన్‌పీ అని కొడతారు. ఇప్పుడు షాపులో దొరికే తూటాలన్నీ నైట్రో తూటాలే. నల్లమందు ముద్ర మాత్రమే ఉన్న గొట్టంలో వాటిని పెట్టి పేల్చడమంటే, ఎడ్లబండి ఇరుసుకు లారీ చక్రాలు తగిలించడమే. మా జేజినాయన తుపాకీకి నైట్రో ముద్ర లేదు. అందుకే అది మా ఇంట్లో ఇక పేలదు.

అది పేలకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది, అందమైన కారణం. దాని గొట్టాలు డమాస్కస్ గొట్టాలు. తెర మీద చూడండి. వేలిముద్రల్లా, నీళ్లలో నూనె చుక్క తిరిగినట్టు గీతలు కనిపిస్తున్నాయి కదా. ఇది పైన గీసిన బొమ్మ కాదు. మెత్తని ఇనుప కడ్డీలు, ఉక్కు కడ్డీలు ఒకదాని మీద ఒకటి పేర్చి, కొలిమిలో కాల్చి ఒకటిగా కొడతారు. ఆ కడ్డీని ఎర్రగా ఉండగానే తాడు పేనినట్టు మెలిపెడతారు. అలా మెలిపెట్టిన రెండు మూడు కడ్డీలను పక్కపక్కన అతికి రిబ్బన్‌లా సాగగొడతారు. ఆ రిబ్బన్‌ను ఒక ఇనుప కమ్మీ చుట్టూ చుట్టి, అంచుకు అంచు అతుక్కునేదాకా మళ్లీ కొడతారు. తర్వాత లోపల తొలిచి నునుపు చేస్తారు. చివర్లో ఆమ్లం పూసి నెమ్మదిగా తుప్పు పట్టిస్తారు. ఇనుము ఒక రంగు, ఉక్కు ఒక రంగు తీసుకుంటాయి. ఆ మెలికలే ఈ గీతలు. మూడు మూరలు కూడా లేని గొట్టంలో ఎన్ని అతుకులున్నాయో ఆలోచించండి. ఒక్క అతుకులో చిటికెడు బూడిద ఇరుక్కున్నా, వందేళ్ల తర్వాత తేమ ఆ దారిలోనే లోపలికి పోతుంది. బయటికి కనపడదు.

మన డమాస్కస్ కత్తుల ఉక్కు వేరు. అది మూసలో కరిగించి తీసిన ఉక్కు. నిజామాబాద్ వైపు కోనసముద్రంలో అలాంటి ఉక్కు చేసేవాళ్లు, పర్షియా వర్తకులు అక్కడిదాకా వచ్చి కొనుక్కుపోయేవాళ్లు. ఉక్కు అనే దక్షిణాది మాటే యూరప్ వాళ్ల నోట్లో వూట్జ్ అయిందని చాలామంది పండితులు అంటారు. తుపాకీ గొట్టానికి ఆ కత్తుల పేరు మాత్రమే తగిలించారు, పద్ధతి వేరు.

ఇప్పుడు నా పాపం చెప్తాను. నాకు పందొమ్మిదేళ్లు. దసరా వస్తోంది, ఆయుధపూజకు తుపాకీ బయటికి తీశారు. నల్లగా, మసిబారినట్టు ఉంది. హ్యామర్ల కింద రెండు వైపులా ఉండే రేకుల మీద చిన్న చిన్న పూలు, ఒక వైపు ఎగురుతున్న పిట్ట చెక్కి ఉన్నాయి. నేను ఇదిగో ఇలాంటి ఉప్పుకాగితమే తీసుకున్నా. సన్నరకమే. కిరోసిన్ అద్ది పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా రుద్దినా. కొత్త చెంబులా తెల్లగా మెరిసింది. మా నాయన చూసి, "ఇప్పుడు కళ వచ్చింది రా" అని మెచ్చుకున్నాడు. పిట్టకు ఒక రెక్క పోయిందని ఇద్దరం చూసుకోలేదు.

పోయింది రెక్క ఒక్కటే కాదు. మంచి తుపాకీల్లో ఆ రేకుల్ని ఎముకల బొగ్గు, తోలు బొగ్గుతో కలిపి పెట్టెలో మూసి, ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచుతారు. పైన సన్నని పొర గట్టిపడుతుంది, నెమలి మెడ రంగులు వస్తాయి. వాడేకొద్దీ ఆ రంగులు వెలిసి బూడిద వన్నెకు వస్తాయి. నేను మసి అనుకున్నది అదే. దాన్ని రుద్ది తీశాక మళ్లీ ఎవడూ ఆ పాత వన్నె తేలేడు. కొత్తగా వేయించొచ్చు, కానీ కొత్తది కొత్తగానే కనిపిస్తుంది. డెబ్బై ఏళ్లలో తుప్పు మా తుపాకీకి చేయని నష్టం, నేను ఒక్క పూటలో చేశాను.

ఆ పూజలోనే ఇంకో సంగతి. పూజకు గొట్టం మీద మూడు చోట్ల పసుపు, కుంకుమ తడిపి బొట్లు పెట్టాం. మరునాడు తుడవకుండానే గుడ్డ సంచిలో పెట్టాం. సంక్రాంతికి తీస్తే మూడు బొట్ల చోట మూడు గుండ్రని తుప్పు మచ్చలు. ఇప్పటికీ ఉన్నాయి, అదిగో ఫొటోలో. పూజ మానమని నేను చెప్పను, మా ఇంట్లో ఇప్పటికీ చేస్తాం. బొట్టు తుపాకీ మడమ, అంటే భుజానికి ఆనించే కర్ర చివర, దాని కింద పెట్టిన పీట మీద పెడతాం.

స్క్రూడ్రైవర్ ఎక్కడిదాకా వచ్చింది? మూడో వరస. సరే, దాని అంచు గమనించండి. బజారులో దొరికే స్క్రూడ్రైవర్ అంచు కింద సన్నగా, పైకి పోయేకొద్దీ మందంగా ఉంటుంది. పాత తుపాకీ స్క్రూ గాడి గోరంచు అంత సన్నగా, అడుగుదాకా ఒకే వెడల్పుతో ఉంటుంది. మామూలుది పెట్టి తిప్పితే గాడి పైఅంచు మీదే బలం పడి నలిగిపోతుంది. అందుకే ఒక్కో స్క్రూకు ఒక్కో స్క్రూడ్రైవర్ సానబట్టుకోవాలి. మంచి పనివాడు చేసిన తుపాకీలో స్క్రూలన్నీ బిగించాక గాళ్లు గొట్టం దిక్కుకే, ఒకే వరసలో నిలుస్తాయి. అలా నిలిచేలా తయారు చేసేటప్పుడే లెక్కగా కోస్తారు. మీరు కొనబోయే తుపాకీలో ఒక గాడి అడ్డంగా తిరిగి ఉందా, దాన్ని ఎవరో విప్పారని అర్థం. అంచు నలిగి ఉందా, చేతకానివాడు విప్పాడని అర్థం. అమ్మేవాడు "ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉంది" అంటుంటే నేను మొహం చూడను, స్క్రూలు చూస్తాను.

కొనేటప్పుడు చూడాల్సిన వాటిలో నాకు బాగా ఇష్టమైనది కుండ పరీక్ష. సంతలో కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తాం. మంచిదైతే ఖంగుమంటుంది, బీట ఉంటే బొదబొదమంటుంది. ముందు తెరిచి తూటాలు లేవని కళ్లతో చూసి, గొట్టాలు విడదీయండి. అడుగున ఉండే కొక్కేనికి దారం కట్టి వేలాడదీసి చెక్క పెన్సిల్‌తో కొట్టండి. కంచు చెంబులా మోగి, ఆ మోత కాసేపు నిలవాలి. జుయ్‌మని చీదినట్టు వస్తే, రెండు గొట్టాల నడిమి పట్టీ, రిబ్ అంటారు, దాని టంకం ఎక్కడో వదిలిందని లెక్క. తర్వాత గొట్టాన్ని కిటికీ వైపు పెట్టి లోపలికి చూడండి. కిటికీ చువ్వ నీడ గొట్టం పొడవునా తిన్నగా రావాలి. నీడ ఎక్కడ వంకర తిరిగితే అక్కడ సొట్ట. ఇక మూశాక గొట్టాలకు, వాటి వెనక భాగం ఆనే ఉక్కు బల్లకు మధ్య సందు ఉందా అని సిగరెట్ కాగితంతో చూడాలి. కాగితం దూరిందంటే లోపలి కీలు అరిగింది. ఆఖరుగా గొట్టం మందం. ఇది ఇంట్లో తేలదు, దానికి గేజ్ కావాలి. సాధారణంగా అంగుళంలో వెయ్యింట ఇరవై వంతులు, అంటే అర మిల్లీమీటరు, అంతకు తగ్గితే పనివాళ్లు తల అడ్డంగా ఊపుతారు.

ఆ టంకం మాట వచ్చింది కాబట్టి. మా మిత్రుడొకాయన దగ్గర మంచి ఇంగ్లీషు తుపాకీ ఉండేది. నలుపు తగ్గిందని ఒక ఊళ్లో, ఊరి పేరూ షాపు పేరూ వద్దు, గొట్టాలు నల్లబరచడానికి ఇచ్చాడు. వాళ్లు కాస్టిక్ ఉప్పుల వేడి తొట్టిలో ముంచారు. ఈ కాలపు తుపాకులకు అదే పద్ధతి, తప్పు లేదు. కానీ పాత జోడు గొట్టాల నడిమి పట్టీలు తగరం కలిసిన మెత్తని టంకంతో అతికినవి. ఆ కాస్టిక్ టంకాన్ని తినేస్తుంది. మూడు నెలలకు పట్టీ లేచింది. లోపల చిక్కుకున్న ఉప్పు పట్టీ కింద ఎంత తిన్నదో దేవుడికే తెలియాలి. పాతవాటికి చేయాల్సింది నెమ్మదిగా తుప్పు పట్టిస్తూ, మరిగే నీళ్లలో ఉడికిస్తూ, తుడుస్తూ, రోజుల తరబడి సాగే పద్ధతి. అది చేసేవాడు దొరక్కపోతే వెలిసిన రంగుతోనే ఉండనివ్వండి.

తూటాల దగ్గర ఒక చిక్కు ఉంది. పన్నెండు బోరు అంటే, పౌను సీసంతో పన్నెండు సమానమైన గుండ్లు చేస్తే ఆ గుండు సరిగ్గా పట్టే గొట్టం. సుమారు పద్దెనిమిదిన్నర మిల్లీమీటర్లు. ఇది చాలామందికి తెలుసు. తెలియంది తూటా పొడవు. పాత ఇంగ్లీషు తుపాకుల్లో తూటా కూర్చునే గది ఎక్కువగా రెండున్నర అంగుళాలది, అంటే సుమారు 65 మిల్లీమీటర్లు. ఇప్పటి తూటాలు 70. "లోపల పడుతోంది కదా సార్" అంటారు. పడుతుంది! మోసం అక్కడే ఉంది. పెట్టె మీద వేసే పొడవు, పేలిన తర్వాత మూతి విచ్చుకున్నాక ఉండే పొడవు. పేలకముందు మడత వల్ల పొట్టిగా ఉంటుంది, హాయిగా దూరుతుంది. పేలేటప్పుడు విచ్చుకోవడానికి చోటు చాలక మూతి ముందున్న ఇరుకులోకి పొడుచుకుపోతుంది, ఒత్తిడి పెరుగుతుంది. కాబట్టి దూరిందా అని కాదు, గది పొడవు ఎంత అని కొలిపించండి. ఉక్కు గుండ్ల తూటాల జోలికి పాతవాటితో అసలు పోకండి.

చరిత్ర చెప్పమని నిర్వాహకులు అడిగారు, రెండు ముక్కల్లో చెప్తాను. మన కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ కోటలో రహస్యంగా ఆయుధాలు పోగేశాడని 1839లో కంపెనీ దండు దిగింది. జొహరాపురం దగ్గర పోరు జరిగింది, నవాబు పట్టుబడ్డాడు. ఆ కాలంలో ఇక్కడ మూతి నుంచి మందు కూరే తుపాకులు. అప్పటికే పారిస్‌లో లెఫోషే అనే పనివాడు గొట్టాన్ని మడిచి వెనక నుంచి తూటా పెట్టే తుపాకీ చేసేశాడు. ఇంగ్లీషువాళ్లు 1851లో లండన్ ప్రదర్శనలో దాన్ని చూశాక గానీ కదల్లేదు. కదిలాక మాత్రం ఆగలేదు. 1875లో ఆన్సన్, డీలీ అనే ఇద్దరు హ్యామర్లను లోపలికి దాచేసిన తేలికైన యంత్రం కనిపెట్టారు. ఈ రోజుకీ జోడు గొట్టాల తుపాకుల్లో ఎక్కువ భాగం దాని పిల్లలే.

ఇక మన ఎండలు. రెండు వస్తువుల గురించి చెప్తాను, నూనె, కర్ర. మన ఇళ్లలో చేతికందే నూనె వేరుశనగ నూనె, లేకపోతే కొబ్బరి నూనె. రెండూ వద్దు. ఏళ్లు గడిస్తే జిగురవుతాయి. నేను మా తుపాకీ తాళం, అంటే హ్యామర్‌ను నడిపే యంత్రం విప్పినప్పుడు స్ప్రింగు చుట్టూ బెల్లంపాకంలాంటిది గోకాల్సి వచ్చింది. కుట్టుమిషన్ నూనె చాలు, అదీ గుడ్డకు అద్ది తుడిచేంత. ఎక్కువ పోస్తే ఏమవుతుందంటే, మనమంతా తుపాకీని మడమ కింద, మూతి పైన ఉండేలా నిలబెడతాం. నూనె రోజూ కొంచెం కొంచెం దిగి, ఇనుము కర్రలోకి దూరే చోట చేరుతుంది. అక్కడి వాల్‌నట్ కర్ర నల్లబడి మెత్తబడుతుంది. మెత్తబడిన కర్ర పేల్చినప్పుడు తన్నుకు తట్టుకోలేక చీలుతుంది. అందుకే నేను తలకిందులుగా, కంబళి ముక్క మీద మూతి ఆనేలా నిలబెడతాను. ఇంటికొచ్చినవాళ్లు వింతగా చూస్తారు.

కర్రకు వార్నిష్ కొట్టించకండి. ఉడికించిన అవిసె నూనె రెండు మూడు చుక్కలు అరచేతిలో వేసి, అరచెయ్యి వేడెక్కేదాకా రుద్దితే చాలు. ఏడాదికి ఒకసారి. మే నెలలో కర్ర ఎండి ముడుచుకుంటుంది, స్క్రూలు వదులైనట్టు అనిపిస్తాయి. అప్పుడు బిగించారో, వానలకు కర్ర ఉబ్బి మణికట్టులా సన్నగా ఉండే చోట చిట్లుతుంది. శ్రావణం దాకా ఓపిక పట్టండి. తోలు సంచిలో మాత్రం నెలల తరబడి పెట్టకండి, తోలు తేమను పట్టుకుంటుంది. సంచి తీసుకుపోవడానికి, దాచడానికి కాదు.

తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కి టకటకలాడించే అలవాటు కొందరికి ఉంది, ముఖ్యంగా బంధువులకు. లోపలి పిన్నుకు ఎదురు దెబ్బ లేకపోతే విరుగుతుంది. డమ్మీ తూటాలు దొరుకుతాయి, అవి పెట్టి స్ప్రింగు వదలండి.

వేట గురించి ఎవరైనా అడుగుతారేమోనని ముందే చెప్తున్నా. కంజు పిట్టలు, కౌజులు కొట్టుకొచ్చిన కథలు మా ఇంట్లోనూ ఉన్నాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత అవి కథలే. పోయిందనుకున్న కలివికోడి 1986లో మన కడప జిల్లా చిట్టడవిలో మళ్లీ కనిపించింది. బట్టమేక అనే పెద్ద పిట్ట కోసం రోళ్లపాడులో అభయారణ్యం పెట్టారు. నేను తుపాకీని పనితనం కోసం చూస్తాను, అంతే.

ఇక ప్రశ్నలు. ముందు వరసలో అన్న అడగండి.

"మాది వందేళ్లు దాటిన తుపాకి. యాంటిక్ కదప్పా, లైసెన్స్ ఎందుకు?"

మంచి ప్రశ్న, చాలామందిని ఇరికించిన ప్రశ్న. 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్‌లో పాతకాలపు ఆయుధాలకు మినహాయింపు ఉన్న మాట నిజం. కానీ అది బాగుచేసినా పేలని స్థితిలో ఉండాలి. నూరేళ్లదైనా పేలే తుపాకీ తుపాకీయే. మీదాన్ని లైసెన్స్‌లో ఎక్కించే ఉంచుకోండి.

"ఎన్ని పెట్టుకోవచ్చు సార్?"

మనిషికి రెండు. ఒకప్పుడు మూడు ఉండేవి, 2019 సవరణ రెండు చేసింది. వారసత్వంగా వచ్చినా లెక్క రెండే. కాబట్టి మన దేశంలో తుపాకుల సేకరణ అంటే గోడ నిండా వేలాడదీయడం కాదు. నా దగ్గర ఒక్కటే ఉంది, ముద్రల ఫొటోలు మాత్రం మూడు వందలు దాటాయి.

"మా నాయన పోయి ఎనిమిది నెలలు. తుపాకి అటక మీద గోనెలో ఉంది. ఏం చేసేది?"

అమ్మా, ముందు దాన్ని ఎవరినీ ముట్టనివ్వద్దు, శుభ్రం చేస్తామని వచ్చేవాళ్లను అసలే వద్దు. లైసెన్స్ పుస్తకం వెతకండి. లైసెన్స్‌దారు పోయాక అది ఇంట్లో ఉండకూడదు. స్టేషన్‌లోగానీ లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గరగానీ జమ చేయాలి. ఎనిమిది నెలలంటే ఇప్పటికే ఆలస్యం. రేపే లాయరును కనుక్కొని వెళ్లండి, మరణ ధ్రువపత్రం వెంట ఉంచుకోండి. రసీదు తీసుకోండి, నంబరు అందులో సరిగా రాశారో లేదో అక్కడే చూసుకోండి. వారసుల పేరు మీదికి లైసెన్స్ కోసం తర్వాత దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఎన్నికలప్పుడు జమ చేసేవాళ్లకు కూడా ఒక మాట. ఇచ్చే ముందు నూనె గుడ్డతో బాగా తుడిచి, నాలుగు వైపులా ఫొటోలు తీసుకోండి. ఒకసారి వానాకాలంలో జమ చేసిన నా తుపాకీ తిరిగి వచ్చేసరికి, ఎవరిదో ఐదు వేళ్ల ముద్ర గొట్టం మీద తుప్పుగా తేలింది. చెమటలో ఉప్పు కదా. వేళ్లు కూడా లెక్కపెట్టొచ్చు.

"దానికేం చేసినారు?"

మెత్తటి గుడ్డ, నూనె, వారం రోజులు. ఇంకా లీలగా కనిపిస్తుంది, ఉండనిచ్చాను. ఉప్పుకాగితం తీసుకుందామని చెయ్యి లేచిన మాట నిజమే.

టైం అయిపోయింది, భోజనాలు సిద్ధమంటున్నారు. స్క్రూడ్రైవర్ ఎవరి దగ్గరుంది? వెనక వరసలోనా? అన్నా, దాంతో కుర్చీ బోల్టు తిప్పుతున్నారా? వద్దు వద్దు, ఇటివ్వండి. ఆ అంచు మళ్లీ సానబట్టాలంటే నాకు రెండు పూటలు పడుతుంది.